వెయ్యి సరస్సుల నడుమ ఒక రాత్రి విడిది

మధ్యాహ్నం మూడు గంటలు కావస్తున్నది. పడమటి గాలి లేచి సరస్సు మీద చిన్న చిన్న అలలను తరుముతున్నది. ఉదయం నుంచి తెడ్డు వేసి భుజాలు బరువెక్కిన యాత్రికులు, పటంలో గుర్తు పెట్టుకున్న ఒక రాతికొమ్ము వైపు దోనెను నడుపుతున్నారు. మూడు వైపులా నీరు, వెనుక ఎర్ర పైన్ వృక్షాలు, సూర్యాస్తమయానికి అభిముఖంగా నున్నని శిలావేదిక. ఇంతకన్న మంచి విడిది ఎక్కడ దొరుకుతుంది? తీరా దగ్గరకు చేరేసరికి చెట్ల సందున నీలిరంగు గుడారం కనిపిస్తుంది. ఎవరో ముందే దిగారు. దోనె మారుమాట లేకుండా పక్కకు తిరుగుతుంది. తరువాతి విడిది అక్కడికి మైలున్నర.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తరపుటంచున, కెనడా సరిహద్దు వెంబడి, ప్రతి వేసవిలోనూ జరిగే సామాన్యమైన ఘట్టం ఇది. ఆ అరణ్యం పేరు బౌండరీ వాటర్స్. విస్తీర్ణం దాదాపు 11 లక్షల ఎకరాలు. అందులో వెయ్యికి పైగా సరస్సులు, వాటిని కలుపుతూ సుమారు 1,200 మైళ్ళ దోనె మార్గాలు ఉన్నాయి. హిమయుగంలో మంచు పలకలు అతిప్రాచీనమైన ఈ శిలాభూమిని గీకి, తొలిచి, పదివేల ఏళ్ళ క్రిందట ఉత్తరానికి తగ్గిపోయాయి. అవి వదలిపోయిన గుంటలే నేటి సరస్సులు. లోపల రోడ్డు లేదు, అంగడి లేదు, విద్యుద్దీపం లేదు. ఏవో కొన్ని సరస్సుల్లో తప్ప మోటారు పడవ చప్పుడు కూడ వినరాదు.

ఈ అరణ్యంలో ఎక్కడ పడితే అక్కడ గుడారం వేయడానికి వీలులేదు. ప్రభుత్వం గుర్తించిన విడుదులు 2,000కు పైగా ఉన్నాయి. యాత్రికుల పటాల్లో అవి ఎర్రచుక్కలుగా కనిపిస్తాయి. ప్రతి విడిదిలోనూ నిప్పు రాజేసుకోవడానికి ఒక ఇనుప పొయ్యి, వెనుక చెట్లలోకి కొంత దూరాన ఒక మరుగుదొడ్డి ఉంటాయి. మరుగుదొడ్డి అన్న మాటను ఇక్కడ కాస్త సడలించి వాడవలసి వస్తున్నది. అది గోడలు గాని, కప్పు గాని లేని ఒక పెట్టె మాత్రమే. మరుగంతా చెట్లదే.

విచిత్రమేమంటే, ఇన్ని విడుదులలో ఒక్కదానినైనా ముందుగా కేటాయింపు చేసుకోవడం సాధ్యం కాదు. మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు రాత్రి బస చేయదలచిన ప్రతి బృందం అనుమతి పత్రం తీసుకోవాలి. ఏ ప్రవేశద్వారం గుండా రోజుకు ఎన్ని బృందాలు లోనికి పోవచ్చునో అటవీశాఖ ముందే నిర్ణయిస్తుంది. బృందంలో తొమ్మండుగురికి, నాలుగు దోనెలకు మించరాదు. ఆ పత్రాల పంపిణీ జనవరి నెలాఖరులో, సరస్సులన్నీ గడ్డకట్టి ఉన్న రోజుల్లో మొదలవుతుంది. అంటే యాత్రికుడు ఎంచుకోగలిగినది ఒక ద్వారం, ఒక తేదీ. ఆ పైన రాత్రి తల వాల్చే చోటు ఏదన్నది అతని భుజబలం మీద, అతడు ఎంత పెందలకడ లేచాడన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

భుజబలం అన్నది ఇక్కడ అలంకారం కాదు. ఒక సరస్సు ముగిసి మరొకటి మొదలయ్యే చోట దోనెను బోర్లించి తలకెత్తుకుని, మూటలు వీపున వేసుకుని, రాళ్ళమీద, బురదలో నడవాలి. ఈ మోత దారులను పోర్టేజిలంటారు. వాటి పొడవును నేటికీ ‘రాడ్’ అనే పాత కొలతతోనే చెప్పుకుంటారు. ఒక రాడ్ పదహారున్నర అడుగులు, రమారమి ఒక దోనె పొడవు. 320 రాడ్లు ఒక మైలు. సామానంతా ఒక్క విడతలో మోయలేక రెండు విడతలు చేస్తే, మైలు దారికి మూడు మైళ్ళు నడిచినట్లు. పటం ముందు కూర్చుని ఎర్రచుక్కల అందం ఊహించుకునేవారు చాలమంది ఈ చిన్న లెక్కను మరచిపోతారు.

అయితే ఈ లెక్కలోనే ఏకాంతం వెల కూడ దాగి ఉన్నది. ఎలీ పట్టణానికి తూర్పున రోడ్డు ఆగిపోయే చోట లేక్ వన్ అనే సరస్సు ఉన్నది. దాని తరువాతివి లేక్ టూ, లేక్ త్రీ, లేక్ ఫోర్. పేరు పెట్టినవారికి ఓపిక నశించినట్లున్నది గాని ప్రకృతికి నశించలేదు. దీవులతో, మలుపులతో ఒకదానిని మించినది మరొకటి. మోతదారులు చిన్నవి గనుక పిల్లలతో వచ్చేవారికి ఇంతకంటె అనువైన దారి లేదు. అందుచేతనే ఇక్కడ జనం ఎక్కువ, విడిది దొరకడం కష్టం. పొడవైన మోతదారి ఒక్కటి దాటిన వెంటనే సగం జనం తగ్గిపోతారు. రెండవది కూడ దాటినవారికి సాయంత్రం లూన్ పక్షి దీర్ఘమైన కూత తప్ప మరేదీ వినిపించదు.

కన్నులపండువే ప్రధానమనుకునేవారు తూర్పు భాగానికి, గన్‌ఫ్లింట్ రహదారి వైపుకు పోవడం మంచిది. అక్కడ డంకన్, రోజ్ అనే రెండు సరస్సుల నడుమ మోతదారి మెట్లు మెట్లుగా దిగుతుంది. పక్కనే ఒక జలపాతం దూకుతూ ఉంటుంది. పైనున్న కొండకొమ్ము నుంచి చూస్తే కెనడా అడవులు నీలంగా కనిపిస్తాయి. ఎలీకి ఉత్తరాన నార్త్ హెగ్‌మన్ సరస్సు చిన్నదే. కాని అక్కడి కొండగోడ మీద ఎర్రమట్టి రంగుతో చిత్రించిన మనిషి, మూస్ జంతువు, దోనెలు శతాబ్దాల గాలివానలను తట్టుకుని నిలిచాయి. ఇది ఓజిబ్వే ప్రజల నేల. బిర్చి చెట్టు బెరడుతో దోనెలు కట్టి ఈ జలమార్గాల వెంట సంచరించినవారు వారు. 1854 నాటి ఒడంబడికలో భూమిని వదలుకున్నా, వేట, చేపల పట్టుబడి హక్కులను వారు నిలుపుకున్నారు. ‘నిర్మానుష్యం’ అని ఈ అరణ్యాన్ని వర్ణించేవారు ఆ గోడను ఒకసారి చూడవలె.

ఇక విడిదికి చేరిన తరువాత చూడవలసినది దృశ్యాన్ని కాదు, ఆకాశాన్ని. అంటే తలపైనున్న చెట్లను. 1999 జూలై 4న ఇక్కడ గంటకు 80 నుంచి 100 మైళ్ళ వేగంతో పెనుగాలి వీచి, మూడు లక్షల ఎకరాలకు మించిన మేర అడవిని నేలకూల్చింది. సెలవు దినం కావడంతో ఎన్నో విడుదులు నిండి ఉన్నాయి. పదుల సంఖ్యలో యాత్రికులు గాయపడ్డారు. గుడారానికి పైన ఎండిన కొమ్మ గాని, ఒరిగిన మోడు గాని ఉంటే, ఎదుట స్వర్గం కనిపిస్తున్నా ఆ చోటు వదలి పోవడమే ఉచితం. జలపాతపు హోరు వినిపించే చోట్ల మరొక జాగ్రత్త అవసరం. 2024 మే నెలలో సరిహద్దు మీది కర్టెన్ జలపాతం మీదుగా దోనెలు కొట్టుకుపోయి ఇద్దరు మరణించారు. మే నెలలో నీరు ఉరవడిగా ఉంటుంది. ఎముకలు కొరికే చలి కూడ దానిలోనే ఉంటుంది.

రాతికొమ్ముల మీది విడుదులను అనుభవజ్ఞులు కోరుకోవడానికి కారణం సూర్యాస్తమయం ఒక్కటే కాదు. జూన్ నెలలో ఇక్కడి దోమలు ఎంతటి ప్రకృతి ప్రేమికుడినైనా గుడారంలోకి తరమగలవు. గాలి వీచే కొమ్ము మీద వాటి ఆటలు సాగవు. అదే కొమ్ము సెప్టెంబరులో, దోమలు లేని రాత్రి, చలిగాలికి పళ్ళు కటకటలాడిస్తుంది. అప్పుడు వెనుక అడవి అడ్డున్న చోటే హాయి.

మిన్నియాపోలిస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది నాలుగైదు గంటల కారు ప్రయాణం. వారు తెలుసుకోదగిన నియమం ఒకటున్నది: ఆహారం గాజుసీసాల్లో గాని, రేకు డబ్బాల్లో గాని తీసుకుపోరాదు. ఆవకాయ జాడీ ఇంట్లో వదలి, పచ్చడిని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చక తప్పదు. ఆ డబ్బాను కూడ రాత్రి ఎలుగుబంటికి అందని చోట భద్రం చేయాలి.

ఇన్ని నియమాలు ఎవరికీ పోరాటం లేకుండా దక్కలేదు. ఈ అరణ్యం మీద విమానాలు తక్కువ ఎత్తున ఎగరకుండా అధ్యక్షుడు ట్రూమన్ 1949లోనే ఉత్తర్వు జారీ చేశారు. మోటారు పడవలకు కూడ హద్దులు విధించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, వాటిపై బ్రతికే ఎలీ వాసుల్లో ఆగ్రహం పెల్లుబికింది. 1977లో అక్కడ జరిగిన బహిరంగ విచారణలో, అడవి పక్షాన నిలిచిన రచయిత సిగర్డ్ ఓల్సన్ దిష్టిబొమ్మను ఉరితీశారు. ఆయన పరాయివాడేమీ కాదు. ఏళ్ళ తరబడి అదే పట్టణంలో పాఠాలు చెప్పినవాడు, యాత్రికులకు దారి చూపినవాడు. మరుసటి సంవత్సరం చట్టం వచ్చింది. నష్టపోయినవారి కోపం అన్యాయమైనదని కొట్టివేయలేము. లోపల ఉన్న వసతి గృహాలను అంతకుముందునుంచే ప్రభుత్వం కొని తొలగిస్తూ వచ్చింది. నైఫ్ సరస్సు దీవుల్లో నివసించిన డొరతీ మోల్టర్ అనే నర్సును మాత్రం జీవితాంతం ఉండనిచ్చారు. తన చేత్తో తయారు చేసిన రూట్ బీర్ పానీయాన్ని దారిన పోయే వేలాది దోనె యాత్రికులకు అందించిన ఆమె 1986లో మరణించింది. ఆ తరువాత ఈ అరణ్యంలో నివాసముండేవారు ఎవరూ లేరు.

కాపురం లేని ఇంటికి కాపలా అతిథులదే. 2007 మే నెలలో హామ్ సరస్సు వద్ద ఒక విడిది నిప్పునుంచి రేగిన కార్చిచ్చు సరిహద్దు దాటి కెనడాలోకి పాకి, రెండు వైపులా కలిపి సుమారు 75,000 ఎకరాలను దహించింది. 2011లో పిడుగు వల్ల పుట్టిన పగామి క్రీక్ మంట అంతకంటె పెద్దది. లేక్ త్రీ, లేక్ ఫోర్ తీరాలు కూడ దాని పాలబడ్డాయి. నేడక్కడ జాక్ పైన్ మొక్కలు దట్టంగా లేచాయి. వాటి కాయలు విచ్చుకోవడానికి నిప్పు సెగ కావాలి.

అందుకే ఉదయం గుడారం విప్పిన తరువాత ఒక పని మిగిలి ఉంటుంది. సరస్సు నీటిని పొయ్యిలో కుమ్మరించి, కర్రతో కలిపి, మళ్ళీ కుమ్మరించి, బూడిదలో చేయి పెట్టి చూస్తారు. చల్లగా తగిలితేనే దోనెను నీటిలోకి నెడతారు. అప్పటికి సరస్సు మీద ఇంకా మంచు తెర విడివడదు. మధ్యాహ్నానికి ఆ కొమ్ము వైపు మరొక దోనె వస్తుంది. ఈసారి అది ఖాళీగా ఉంటుంది.