ఎత్తుగడ

పద్యానికి ఎత్తుగడ ఎంతటిదో చదరంగానికీ అంతటిదే. డిగ్రీ చదివే రోజుల్లో, కళాశాలల మధ్య జరిగిన పోటీలో చివరి ఆట నాకింకా జ్ఞాపకం. ప్రత్యర్థి మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు నడిపాడు. నేను గుర్రాన్ని కదిపి, శకటుకు మూలదారి తెరిచి, మూడవ ఎత్తులో మంత్రి బంటును ఎదురు నిలిపాను. నడిమి గళ్ళను మొదట శత్రువుకు వదిలి, పిమ్మట దూరం నుండి భేదించే పద్ధతి అది. గ్రూన్‌ఫెల్డ్ రక్షణ అని పుస్తకంలో చదివి నేర్చుకొన్నాను. భేదించడం చేతకాక ఓడిపోయాను.

"పరాయి విద్య మనకు అబ్బదు నాయనా!" అన్నారు వెంట వచ్చిన అధ్యాపకులు. ఓటమి కన్న ఆ మాటే నన్ను ఎక్కువ బాధించింది.

ఆస్ట్రియా దేశీయుడైన గ్రూన్‌ఫెల్డ్ 1922లో ఆ ఎత్తుగడతో అలేఖిన్ అంతటి మేటిని జయించాడు. పేరు అతనిదే అయింది. అయితే అవే మూడు ఎత్తులను 1855లో, కలకత్తాలో, మహేశ్‌చంద్ర బందోపాధ్యాయుడు జాన్ కాక్రేన్ అనే స్కాట్లాండు న్యాయవాదిపై ఆడాడని చాలా ఏళ్ళకు గాని నాకు తెలియలేదు. మన పాత ఆటలో బంటు తొలి కదలికలోనూ ఒక్క గడే నడిచేది. అట్టి ఆటలో పెరిగినవాడికి శకటును మూలదారిన నడపడం సహజమే కదా! మా తాతగారి చావడిలో నేను మొదట నేర్చినదీ ఆ ఆటే. ఇక అది పరాయి విద్య ఎట్లా అవుతుంది? ఈ జాతి ఎత్తుగడలకు 'ఇండియన్ రక్షణలు' అని పేరు. దేశం పేరు నిలిచింది. ఆడినవాని పేరు మరుగుపడింది.

మొన్న ఒక రాత్రి ఆ ఆటను బల్లపై పేర్చుకొన్నాను. పద్దెనిమిదవ ఎత్తులో కాక్రేన్ గుర్రం రాజు శకటు బంటును కబళించింది. మహేశ్‌చంద్రుడు దాన్ని అడ్డుకోక, తన గుర్రాన్ని తెల్లమంత్రి మీదికి పంపాడు. ఇక మూడే ఎత్తులు. కాక్రేన్ మంత్రినే బలి ఇవ్వగలడు; అప్పుడు నల్లరాజు తన పావుల నడుమనే చిక్కి ఆటకట్టు. ఆయనా ఓడిపోయాడన్నమాట!

నల్లపావుల వైపు కూర్చుని, ఆయన తరఫున మరొక ఎత్తు ఉన్నదేమోనని వెదకసాగాను.

"ఎవరితో ఆడుతున్నారు నాన్నగారూ?" అన్నది మా అమ్మాయి.

"కూర్చో అమ్మా, తెల్లపావులు నీవి" అన్నాను.