తపతీ తీరాన పరదేశి విద్య

ఉష్ణమండలమనే మాటను ఆ మండలంలో పుట్టి పెరిగినవాడు తనంతట తాను వాడుకోడు. మాకు ఎండ ఉన్నది, వాన ఉన్నది, పుష్యమాఘాలలో నాలుగునాళ్ల చలి ఉన్నది. వీటన్నిటికీ కలిపి ఒక పేరు కావలసి వచ్చినది చలిదేశం నుండి వచ్చి చూచినవానికే. సూరత్ నగరంలో తపతీనదికి ఉత్తరపుటొడ్డున ఉన్న అమ్రోలిలో నేను చాలకాలంగా నివసిస్తున్నాను, అధ్యాపకవృత్తి నాది. మా ఊరు కర్కటరేఖకు దక్షిణాన ఉన్నదని భూగోళం చదివిన నాడే తెలుసును గాని, మా మగ్గాల సందులు ఒక 'ఉష్ణమండల క్షేత్ర'మని తెలిసినది మాత్రం మూడువారాల చదువుకై ఇక్కడికి వచ్చిన విదేశీ కళాశాల విద్యార్థుల చేతి కాగితాల వల్లనే.

ఇటువంటి స్వల్పకాలపు చదువులు నేడు లోకంలో అనేకం. అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయాలు కోస్టారికా విశ్వవిద్యాలయంతో చేయి కలిపి 1963లో ఉష్ణమండల అధ్యయన సంస్థ నొకదానిని నెలకొల్పినవి. 1968లో లా సెల్వా అనే అరణ్యక్షేత్రం దాని వశమైనది. వర్షారణ్యాన్ని గ్రంథంలో గాక అరణ్యంలోనే చదువవలెనని వారి పట్టు. స్పానిష్ మాట్లాడే ఆ ప్రాంతపు విద్యార్థులకు వారి భాషలోనే పాఠాలు చెప్పే ఏర్పాటు కూడ వారు చేసినారు. ఇది నాకు ఎంతో మెచ్చదగినదిగా తోచినది. మన హైదరాబాదు విశ్వవిద్యాలయంలోను విదేశీ విద్యార్థుల కొరకు ఒక ప్రత్యేక కార్యక్రమం 1998లో ఆరంభమైనది. అక్కడికి వచ్చినవారు కొన్ని వారాలో కొన్ని నెలలో ఉండి, ఇష్టమైతే తెలుగు కూడ నేర్చుకొని పోతారు.

మూడువారాలలో ఏమి తెలుస్తుందని మా సహాధ్యాపకులు పెదవి విరుస్తారు. నేను వారితో ఏకీభవించలేను. కాలమే కొలత అయితే, ఇక్కడ ముప్పదియేండ్లు కాపురముండి, గోడకవతల నివసించే గంజాం జిల్లా ఒరియా కార్మికుని ఊరి పేరైనా ఎరుగని పెద్దలు మాలోనే ఉన్నారు గదా! విద్యార్థి ఎన్నాళ్లున్నాడన్నది కాదు నా ప్రశ్న. ఎవరివద్ద నేర్చుకొన్నాడు, ఆ సంగతి ఎక్కడ వ్రాసినాడు అన్నదే నా ప్రశ్న.

అమ్రోలి నుండి వంతెన దాటి కతార్‌గామ్ మీదుగా నగరంలోకి పోయేవారికి పాత డచ్చి, ఆంగ్లేయ సమాధులు కనిపిస్తవి. మరణించిన వర్తకులు గోపురాల ఎత్తులో పోటీపడుతున్నారా అన్నట్లుంటవి అవి. వానిలో ఒకటి 1691లో గతించిన హెన్రిక్ వాన్ రీడ్‌ది. మలబారులో డచ్చి కంపెనీ అధికారిగా ఉండి, ఆ సీమ మొక్కలను గూర్చి 'హోర్తుస్ మలబారికుస్' అనే మహాగ్రంథాన్ని కూర్పించినవాడాయన. 1678 నుండి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో అది పన్నెండు సంపుటాలుగా వెలువడినది. మొక్కల పేర్లు, గుణాలు చెప్పినవారిలో ప్రముఖుడు ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు. ఆ వైద్యుని ప్రమాణపత్రం మొదటి సంపుటంలోనే ఆయన సొంత లిపిలో అచ్చయి ఉన్నది. అధికారి అడిగినప్పుడు వైద్యుడు కాదనగలిగి ఉండునా అన్న సందేహం నాకు లేకపోలేదు. అయినను పేరు నిలిచినది, లిపి నిలిచినది.

ఆంకెతిల్ దుపెరోన్ అనే ఫ్రెంచి యువకుడు 1758లో ఈ సూరత్‌కే చదువుకోవడానికి వచ్చినాడు. పారశీక పురోహితుడైన దస్తూర్ దారాబ్ వద్ద అవెస్తా, పహ్లవీ గ్రంథాలు చదివి, 1761లో వ్రాతప్రతులతో తిరిగి పోయినాడు. 1771లో అతడు పారిస్‌లో ప్రకటించిన అనువాదమే యూరపు ఖండం జరతుష్ట్ర మతాన్ని మూలగ్రంథాల ద్వారా ఎరుగడానికి తొలి ద్వారం. గురుశిష్యుల నడుమ పొరపొచ్చాలు లేకపోలేదు. కాని గురువు పేరును శిష్యుడు దాచిపెట్టలేదు.

ఇక మా వాడకు వచ్చినవారి సంగతి. ఎండకును కార్మికుల ఆరోగ్యానికును గల సంబంధాన్ని పరిశీలించడం వారి పని. మార్చి నెలలోనే మరమగ్గాల కొట్టాలలో చొక్కా ఒంటిమీద నిలువదు. దుబాసీ పనికి నా విద్యార్థిని ఒకతె కుదిరినది. ఆమె తండ్రి సిరిసిల్ల నుండి వచ్చినవాడు. మరమగ్గాలను అక్కడివారివలెనే ఇప్పటికీ 'సాంచాలు' అంటాడు. ఇంట తెలుగు, బజారున గుజరాతీ, కొట్టంలో హిందీ, ఇరుగుపొరుగుల వలన ఒరియా ఆమెకు సహజంగా అబ్బినవి.

వారి ప్రశ్నావళిలో 'రాత్రి ఎన్ని గంటలు నిద్రించితిరి?' అని ఒక ప్రశ్న. రాత్రిపాళీ కార్మికుడు దానికి ఏమని బదులిస్తాడు? ఒకే గదిలో పగలు కొందరు, రాత్రి కొందరు వంతులవారీగా పడుకొంటారు. ఆమె ఆ ప్రశ్నను తీసివేయించి, 'పడుకొనే వంతు ఎప్పుడు వస్తుంది? అప్పుడు పంకా తిరుగుతుందా?' అని అడిగించినది. 'వేడి' అన్న ఒక్క మాటకు బదులుగా ఉక్కపోత, గులుగులి, బఫారో, ఉమస్ అని నాలుగు భాషల మాటలు వ్రాయించినది. ఎండ సూటిగా తగలడం వేరు, గాలి ఆడక ఉడికిపోవడం వేరు అని అప్పుడుగాని ఆ పిల్లలకు బోధపడలేదు. వారు తెలివైనవారు, వినయవంతులు; ఆమె చెప్పినది శ్రద్ధగా విన్నారు. మూడువారాలు వృథా కాలేదనడానికి ఇంతకన్న ఏమి కావలెను?

తరువాత వచ్చిన నివేదికలో ఆ కొత్త ప్రశ్న ఉన్నది, ఆ నాలుగు మాటలు ఉన్నవి. చివరి పుటలో 'స్థానిక సహాయకులకు కృతజ్ఞతలు' అని ఉన్నది. ఆ విద్యార్థులకు వారి విశ్వవిద్యాలయం ఆ మూడువారాలను చదువుగా లెక్కించి క్రెడిట్లు ఇచ్చినది. మా పిల్లకు అదే మూడువారాలు కళాశాలలో గైర్హాజరుగా పడినవి. జరిమానా కట్టి పరీక్షకు కూర్చున్నది.

"వాళ్లకు క్రెడిట్లు వచ్చినయి సార్, నాకు హాజరు పోయింది," అని నవ్వుతూనే అన్నది. ఆ నవ్వుకు నా వద్ద బదులు లేకపోయినది. పాస్‌పోర్టు, వీసా, విమానపు ఖర్చు తలచుకొంటే ఆమె లా సెల్వాకు పోయేది ఎన్నడు? కాని ఆమె తండ్రి సిరిసిల్ల నుండి, పొరుగువారు గంజాం నుండి పరదేశానికి వచ్చి భాష, వృత్తి, బ్రతుకు నేర్చినవారే. ఆ చదువుకు ఎవరును క్రెడిట్లు ఇచ్చినవారు కారు.

ఈ ఏడు మరొక బృందం రాదలచి నాకు ఉత్తరం వ్రాసినది. నేను రెండు షరతులు పెట్టినాను. దుబాసీగా పనిచేసే విద్యార్థి పేరు నివేదిక మొదటి పుటలో ఉండవలెను. ఆ వారాలు ఆ విద్యార్థికి కూడ చదువుగానే లెక్కకు రావలెను. మొదటి షరతుకు వారు వెంటనే ఒప్పుకొన్నారు. రెండవది తమ చేతిలో లేదనీ, అది మీ కళాశాలే తేల్చవలసిన విషయమనీ వ్రాసినారు. మాట న్యాయమైనదే. ఆ దరఖాస్తు మా కార్యాలయంలో బల్లమీద ఉన్నది. సోమవారం మరల వెళ్లి అడుగవలెను.