విరాటపర్వం బండి

శెనక్కాయ చేను ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే అనంతపురం పల్లెలకు మిగిలే దారులు కొన్నే. పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి ఇల్లిల్లూ తిరుగుతారు. ఆడవాళ్ళు చెంబులతో నీళ్ళు కుమ్మరిస్తారు. గంగమ్మకు పొంగళ్ళు పెడతారు. వాటికీ మబ్బు కదలకపోతే, ఒకప్పుడు ఊరి పెద్దలు రచ్చకట్ట మీద కూర్చుని ఇంటికింత అని చందా వేసుకుని, తోలుబొమ్మలాట వాళ్ళకు కబురు పంపేవాళ్ళు. ఏ కథ ఆడాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన కోసం పిలిచారంటే విరాటపర్వమే.

విరాటపర్వమే ఎందుకన్నదానికి జవాబు భారతంలోనే ఉంది. పాండవుల అజ్ఞాతవాసం ముగిసే రోజులు. దుర్యోధనుడి వేగులు దేశమంతా గాలించి వట్టి చేతులతో తిరిగొచ్చారు. అప్పుడు భీష్ముడు ఒక ఆనవాలు చెబుతాడు. ధర్మరాజు ఉన్న చోట కరువు ఉండదు, మేఘాలు వేళకు కురుస్తాయి, పాడిపంటలు నిండుగా ఉంటాయి, అలాంటి దేశం ఎక్కడుందో వెతకమంటాడు. దాక్కున్న మనిషిని వానను బట్టి పట్టుకోమన్న మాట అది. మన పల్లెవాళ్ళు ఆ మాటను అటు నుంచి ఇటు తిప్పారు. ధర్మరాజును మన ఊరి తెర మీదికి పిలిపిస్తే వాన వెంట రాకుండా పోతుందా? ఇంత చక్కటి తర్కాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడానికి నాకు మనసు ఒప్పదు.

ఈ నేల మీద వాన కథ వేరు. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీద బరువు దించుకుని, తేలికైపోయి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి, ఇంత లోపలికి వచ్చేసరికి ఉడిగిపోతాయి. రెంటికీ మధ్య మిగిలిపోయిన మెట్ట ఇది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది. ఆ అంకెను చూస్తే పంట పండదని అనిపించదు. కానీ రైతు లెక్క ఏడాది మొత్తంతో కాదు, పడిన రోజుతో. జూన్‌లో ఒక మంచి పదును దొరికితే గొర్రు కడతాడు. తర్వాత నలభై రోజులు చినుకు లేకపోతే ఊడ గట్టి నేలలోకి దిగలేక ఎండిపోతుంది. పంటంతా పోయాక సెప్టెంబరు చివర కుండపోత పడి, వంకలు పొర్లి, చెరువు మరవ పారిందనుకోండి, కాగితం మీద ఆ ఏడు కరువే లేదు. చేలో శెనక్కాయా లేదు.

విరాటపర్వాన్ని బండికెత్తుకుని ఈ మెట్టంతా తిరిగిన వాళ్ళ ఊళ్ళలో ఒకటి నిమ్మలకుంట. ధర్మవరం మండలంలోని చిన్న పల్లె. 2022 ఏప్రిల్‌లో పాత అనంతపురం జిల్లా రెండయ్యాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. ఇక్కడి బొమ్మలాట కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ యాస. ఎన్నో తరాల కింద మరాఠా దేశం నుంచి దిగివచ్చినవాళ్ళు. తెర వెనక నిలబడితే మాత్రం గొంతులో అచ్చ తెలుగు పలుకుతుంది, రంగనాథ రామాయణం ద్విపదల నడక వినిపిస్తుంది. పుట్టిల్లు ఒక భాషలో, బతుకు ఇంకో భాషలో ఉన్నవాళ్ళు తెలుగు పాటను ఇంత భద్రంగా మోశారని తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

బృందం అంటే ఒక ఇల్లే. అన్నదమ్ములు, వాళ్ళ భార్యలు, ఎదిగిన పిల్లలు. ఒకరు హార్మోనియం, ఒకరు మద్దెల, ఒకరి చేతిలో తాళాలు. బొమ్మను ఆడించేవాడే పాడతాడు, మాట చెబుతాడు, కాలికి గజ్జె కట్టుకుని అడుగు వేస్తాడు. కాళ్ళ కింద చెక్కపలకలు పరుచుకుంటారు. భీముడు కీచకుడి మీద పడినప్పుడు, ఉత్తర గోగ్రహణంలో రథాలు కదిలినప్పుడు ఆ పలకల మీద పడే అడుగులే యుద్ధం. ఆడ పాత్రలకు ఆడవాళ్ళే గొంతిస్తారు. ద్రౌపది విరాటుడి కొలువులో నిలబడి నిలదీసే చోట, తెర ముందు కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర చప్పుడు ఆగిపోతుంది. ఏడుపు మరీ ఎక్కువైతే నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క దూకి వస్తారు. వాళ్ళకు భారతంతో పని లేదు. మొగుడూ పెళ్ళాల తగవు, ఊళ్ళో బోరు ఎండిన సంగతి, వడ్డీకిచ్చిన ఆసామి పీనాసితనం, అన్నీ వాళ్ళ నోటే. అర్ధరాత్రి దాటాక నిద్ర తూగేవాళ్ళను లేపేది వాళ్ళిద్దరే.

ఎడ్లబండిలో బొమ్మల పెట్టె, తెరబట్ట, వెదురు గడలు, వంటసామాను, పసిపిల్లలు. ఊరి నుంచి ఊరికి అలా నెలల తరబడి. ఆముదం దీపాలతో మొదలై, పెట్రోమాక్సు లైట్ల మీదుగా కరెంటు బల్బు దాకా వెలుగు మారింది కాని ఆట మారలేదు. ఊరు ఇచ్చేది డబ్బు కన్నా ధాన్యమే: జొన్నలు, రాగులు, కొర్రలు, మొక్కుబడి తీరితే ఒక పొట్టేలు. తిరునాళ్ళకు ఇలా దారిబట్టడం ఇవాళ్టి సంగతి కాదు. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం చేరిన ఆటగాళ్ళను వర్ణిస్తూ బొమ్మలాట వాళ్ళనూ లెక్కలోకి తీసుకున్నాడు.

బొమ్మ పుట్టుక చూడాలంటే నిమ్మలకుంటలో ఏ పంచలో కూర్చున్నా చాలు. మేకతోలును నానబెట్టి, వెంట్రుక గీకి, లాగి ఎండబెడితే దీపం వెలుగు అవతలికి కనిపించేంత పలచనవుతుంది. దాని మీద గీత, గీత మీద చిన్న ఉలులతో వేసే రంధ్రాలు. ఒక్కో రంధ్రం నగలోని ఒక్కో రాయి. తెర మీద అర్జునుడి భుజకీర్తులు మెరిసేది రంగు వల్ల కాదు, తోలు లేనిచోట వెలుగు దూరడం వల్ల. రంగు రెండు వైపులా వేస్తారు. తల, చేతులు, కాళ్ళు విడివిడిగా కోసి దారంతో కూరుస్తారు. కొన్ని బొమ్మలు ఆడించే మనిషంత ఎత్తుంటాయి.

ఈ బృందాల బతుకులో ఒక ముడి ఉంది. ఆట ఆడించేది కరువే, ఆట మాన్పించేదీ కరువే. ఒక ఏడు వాన తప్పితే ఊరు వాళ్ళను పిలిచేది. రెండో ఏడూ తప్పితే చందా ఇవ్వడానికి ఇంట్లో గింజ ఉండేది కాదు. పందొమ్మిదో శతాబ్దపు ధాత కరువును, అంటే 1876 నుంచి 78 దాకా సాగిన ఆ మహా క్షామాన్ని, ఈ ప్రాంతం ఈనాటికీ పేరుతో తలుచుకుంటుంది. అప్పట్లో బొమ్మలాట బండ్లు ఏమయ్యాయో రాసిపెట్టినవాళ్ళు లేరు. తిన్నవాళ్ళ కథలకే కాగితం దొరుకుతుంది. తర్వాత వచ్చిన దెబ్బ టూరింగ్ టాకీసు, దాని తర్వాత టీవీ. రెడ్లు, కురబలు, బోయలు పనికి బెంగళూరు బస్సెక్కినట్టే ఆటగాళ్ళ పిల్లలూ ఎక్కారు. మిగిలినవాళ్ళు అదే తోలుతో, అదే ఉలితో దీపపు గుమ్మటాలు, గోడకు తగిలించే పటాలు, తలుపు అడ్డాలు చేయడం మొదలుపెట్టారు. కడుపు నింపింది అవే. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఎన్నో పత్రికలు ఆయన్ను బొమ్మల తయారీదారుగానే పరిచయం చేశాయి. నాకు అది చాలదనిపించింది. ఉలి పట్టిన చేయి వేరు, రాత్రంతా గొంతెత్తి పాడే మనిషి వేరు కాదు ఇక్కడ.

ఇప్పుడు బండి స్థానంలో వ్యాను వచ్చింది. పిలుపు రచ్చకట్ట నుంచి కాక సాంస్కృతిక శాఖ నుంచో, ఏ పట్నంలోని జానపద ఉత్సవం నుంచో వస్తుంది. ఆ ప్రయాణాల్లో నాకు ఇష్టమైన దారి నిమ్మలకుంట నుంచి లేపాక్షి ఉత్సవాలకు వెళ్ళేది. దూరం తక్కువే. కాని ఆ కొద్ది దూరంలోనే ఈ మెట్ట తన కథంతా చెప్పేస్తుంది.

మొదట ధర్మవరం. పట్టుచీరల ఊరు. వీధిలో నడిస్తే ఇంటింటి గుంత మగ్గం చప్పుడు. ఈ మధ్య మరమగ్గాల రొద దాన్ని మింగేస్తోంది. ఈ ఊళ్ళోనే 1853లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పుట్టాడు. బళ్ళారిలో సరస వినోదిని సభ పెట్టి, తెలుగు నాటకంలో పాటను నాటి, ఆంధ్ర నాటక పితామహుడు అనిపించుకున్నాడు. ఆయన పుట్టేనాటికి బళ్ళారీ, అనంతపురమూ ఒకే జిల్లా. 1882లోనే అనంతపురం విడిపడి వేరే జిల్లా అయింది. 1891లో ఆ సభ మద్రాసు ప్రయాణం కట్టి అక్కడ నాటకాలాడింది. చూసినవాళ్ళలో పమ్మల్ సంబంధ ముదలియార్ ఒకడు. అదే ఏడు ఆయన సుగుణ విలాస సభ మొదలుపెట్టాడు. తమిళ నాటకానికి కొత్త ఊపిరి పోసిన సభ అది. ఈ ఎండు నేల నుంచి బయలుదేరిన ఒక బృందం ప్రయాణం వల్ల ఇంకో భాష నాటకరంగం కదిలింది. ధర్మవరం చీరల గురించి తెలిసిన ప్రతివాళ్ళకూ ఈ సంగతి తెలియాలని నా కోరిక.

చెన్నేకొత్తపల్లి దగ్గర పెద్ద రోడ్డు, 44వ నంబరు జాతీయ రహదారి. ఈ చుట్టుపక్కలే 1990 నుంచి టింబక్టు కలెక్టివ్ వాళ్ళు బోడిగుట్టల మీద చెట్లు మళ్ళీ మొలిపించారు. శెనక్కాయ ఒక్కదాన్నే నమ్ముకున్న రైతుల చేత కొర్ర, సామ, రాగి మళ్ళీ వేయించారు. దారి పక్కన ఉగ్గాని బజ్జి తిని ముందుకు పోతే పెనుకొండ కోట గుట్ట. 1565లో తళ్ళికోట దగ్గర ఓడాక విజయనగర రాజులు తలదాచుకున్న రాజధాని. గుట్టకు కాస్త దూరంలో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ, 2019 నుంచి కార్లు బయటికి వస్తున్నాయి. ఫ్యాక్టరీకి నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి, రిజర్వాయరుకు హంద్రీ-నీవా కాలువ నుంచి, అంటే ఎక్కడో శ్రీశైలంలో ఆగిన కృష్ణ నుంచి. ఒకప్పుడు శివరాత్రికి ఆటగాళ్ళు అక్కడికి చేరారు, ఇప్పుడు నీళ్ళు అక్కడి నుంచి ఇక్కడికి కొండెక్కి వస్తున్నాయి. కాలువ దగ్గరున్న ఊళ్ళ ముఖాలు మారాయి. కాలువ చేరని ఊళ్ళు ఇంకా ఆకాశాన్నే చూస్తున్నాయి.

కొడికొండ దగ్గర మలుపు తిరిగితే లేపాక్షి. నంది ఎదురొస్తుంది, తర్వాత కూర్మశైలం మీద వీరభద్రాలయం. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ కట్టించింది. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వెళ్ళిపోతారు. బొమ్మలాట వాళ్ళతో వస్తే చూడాల్సింది నాట్యమండపం. అక్కడ స్తంభాల మీద ఒక మేళం నిలబడి ఉంది. బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు, తుంబురుడి చేతిలో వీణ, రంభ ఆడుతోంది, మూడు కాళ్ళ భృంగి పక్కనే. దాదాపు అయిదు వందల ఏళ్ళుగా ఒకే తాళం మీద ఆగిన రాతి బృందం. తల పైకెత్తితే కప్పు మీద రంగుల బొమ్మలు, కిరాతార్జునీయం. పక్కకు తిరిగిన ముఖం, చెంప దాటి విప్పారిన కన్ను, అంచు తేలిన బట్ట. బొమ్మల పెట్టెలో ఉన్న అర్జునుడు ఈ కప్పు మీది అర్జునుడికి చుట్టమని చెప్పడానికి పండితుడే అక్కర్లేదు.

ఉత్సవ వేదిక మీద వీళ్ళకు దొరికేది అరగంటో, గంటో. రాత్రంతా ఆడే కథను అందులో ఇమడ్చాలి. హనుమంతుడు లంక కాల్చే ఘట్టమైతే జనానికి వెంటనే ఎక్కుతుంది, చప్పట్లు పడతాయి. విరాటపర్వానికి ఆ సమయం చాలదు. దాన్ని ఇప్పటికీ నింపాదిగా ఆడించుకునేది పల్లెలే, అదీ అరుదుగా.

ఆ పల్లె ఆటలో ఒక ఘడియ గురించి చెప్పాలి. వాన కోసం ఆడుతున్న ఆట మధ్యలో నిజంగానే గాలి లేచి, తెర ఉబ్బి, చినుకు మొదలైందనుకోండి. తెర ముందున్నవాళ్ళు లేచి అరుస్తారు, పిల్లలు ఎగురుతారు. తెర వెనకవాళ్ళకు సంబరపడే తీరిక ఉండదు. తడిస్తే తోలు మెత్తబడి ముడుచుకుపోతుంది, తరాల నాటి బొమ్మ ఒక్క రాత్రిలో చెడుతుంది. అందుకే మొదట ధర్మరాజును, తర్వాత ద్రౌపదిని, ఒక్కొక్కరినే బట్టలో చుట్టి పెట్టెలోకి చేరుస్తారు. మద్దెలను కొంగు కింద దాచుకుని ఒకావిడ పంచలోకి పరుగెడుతుంది. దీపం ఆఖరున తీస్తారు.