ఖాళీగా వెళ్లిన రెండు ఆసనములు

మన పాఠశాలలో సునీతా విలియమ్స్ పేరు తెలియని విద్యార్థి లేడు. ఆమె తండ్రి గుజరాతు నుండి అమెరికాకు వెడలినవాడగుటచే, మనవారందరు ఆమెను తమ యింటి యాడపడుచుగా నెంచి, 2024వ సంవత్సరమున ఆమె అంతరిక్షమున నిలిచిపోయినప్పుడు మిక్కిలి చింతించిరి. అయితే ఆమె తిరిగివచ్చుటకై తమ ఆసనములను విడువవలసివచ్చిన యిద్దరు స్త్రీలెవరని మేము పదవ తరగతి వారిని ప్రశ్నింపగా, ఒక్కరును చెప్పజాలకపోయిరి. కావున ఆ యిద్దరిని గూర్చి యీ పత్రికయందు నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము భూమికి సుమారు 400 కిలోమీటర్ల యెత్తున, 90 నిమిషములకొక పర్యాయము మన భూగోళమును చుట్టివచ్చుచున్నది. అందెందరు నివసింతురో అందరికిని దిగివచ్చుటకు నౌకలో ఆసనములు సిద్ధముగా నుండవలెను. ఏలయన, అచ్చట నిప్పంటుకొన్నను, లోపలి గాలి కారిపోయినను, పరుగెత్తి చేరుటకు పొరుగిల్లు లేదు.

2024 జూన్ 5వ తేదీని బుచ్ విల్మోర్, సునీతా విలియమ్స్ అను నిరువురు బోయింగు కంపెనీవారి స్టార్‌లైనర్ నౌకను పరీక్షించుటకై బయలుదేరిరి. ఇంచుమించు ఎనిమిది దినముల ప్రయాణమని యెంచబడెను. మరునాడు కేంద్రమును సమీపించుచుండగా, నౌక దారిని దిద్దు చిన్న ఇంజనులలో అయిదు ఆగిపోయెను. హీలియము వాయువు కారుటయు కనుగొనబడెను. నాలుగు ఇంజనులు మరల పనిచేయుటచే వారు క్షేమముగా చేరిరి. అయినను ఆ నౌకలో మనుష్యులను తిరిగి దింపరాదని ఆగస్టు 24వ తేదీని నాసా సంస్థవారు నిశ్చయించిరి. సెప్టెంబరు మొదటి వారమున అది యొంటరిగా వచ్చి న్యూ మెక్సికోలోని యెడారి నేలపై దిగెను. అది మొదలు మరియొక నౌక వచ్చువరకు ఆ యిరువురికి తమదను ఆసనము లేకపోయెను. ప్రమాదము కలిగినచో, అచ్చటనున్న డ్రాగన్ నౌకలో సామాను పెట్టు తావున మెత్తలపై పండుకొని దిగవలసినదని యేర్పాటు చేయబడెను.

తరువాతి డ్రాగన్ నౌకలో నలుగురు వెళ్లవలసియుండిరి. వారిలో నాయకురాలు జీనా కార్డ్‌మన్. సూక్ష్మజీవులను గూర్చి పరిశోధించిన యీమె 2017లో వ్యోమగామిగా నెన్నుకొనబడినది. ఆమెకిది తొలి యాత్ర. రెండవ యామె స్టెఫనీ విల్సన్. 2006, 2007, 2010 సంవత్సరములలో మూడు మారులు అంతరిక్షమునకు వెళ్లివచ్చిన యామెకు పదునాలుగేండ్లకు మరల తరుణము దొరకెను. తక్కిన యిద్దరు నిక్ హేగ్, రష్యా దేశస్థుడైన అలెగ్జాండర్ గోర్బునోవ్ అనువారు. ఆసనములు నాలుగే గనుక, పైనున్న యిద్దరికి చోటు కల్పించుటకు క్రింద నిద్దరు నిలిచిపోవలసివచ్చెను. ఆగస్టు 30వ తేదీని ఆ నిర్ణయము వెలువడెను. స్త్రీలిరువురు నిలిచిరి. సెప్టెంబరు 28వ తేదీని ఆ నౌక రెండు ఆసనములు ఖాళీగా పైకి లేచెను; 2025 మార్చి 18వ తేదీని నలుగురితో ఫ్లారిడా తీరమునొద్ద సముద్రమున దిగెను. విల్మోర్, విలియమ్స్ గార్లు పైనున్నవి 286 దినములు.

ఇందు మేము గమనించినదొకటి కలదు. ఆ యిరువురు స్త్రీలు తమ ఆసనములను తామై విడిచిరని చెప్పుట సరికాదు. పైవారు నిర్ణయించిరి, వీరు లోబడిరి. అయితే ఆ నిర్ణయము నలుగురి యెదుట, వారి పేరులతో, కారణముతో ప్రకటింపబడెను. మరియొక యాత్రకు వారు అర్హులే యనియు చెప్పబడెను. ఆ మాట చొప్పున 2025 ఆగస్టు 1వ తేదీని కార్డ్‌మన్ గారు నాయకురాలిగానే మరియొక డ్రాగన్‌లో కేంద్రమునకు వెళ్లిరి.

ఇది చదువునప్పుడు మాకు మా యక్కగారు జ్ఞప్తికి వచ్చిరి. మా తండ్రిగారికి ఒక్కరి చదువునకే శక్తి యుండెను. లెక్కలలో మాకంటె చురుకైన మా యక్క ఎనిమిదవ తరగతితో బడి మానెను. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాల వరకు పోయితిమి. ఆమెను ఎవ్వరు నడుగలేదు. కారణము చెప్పినవారును లేరు. ఆమె పుస్తకములే మరుసటి యేడు మాకు వచ్చెను. అట్టలపై ఆమె పేరుండెను. నేడు గ్రామములోని పొదుపు సంఘపు పద్దులన్నియు ఆమె చేతివ్రాతలోనే యున్నవి. ఎన్నడును ఒక్క పైస తేడా రాలేదు. ఆ పద్దులను చూచినప్పుడెల్ల ఆమె యెంత దూరము పోయియుండెడిదో యని మాకు తోచును.

తలిదండ్రులారా, చాలని యింట ఒకరు ఆగవలసిన దినము వచ్చును, అది మేమెరుగుదుము. ఆ దినమున బిడ్డను పిలిచి కారణము చెప్పుడు. ఎల్లప్పుడు ఆడపిల్లనే ఆపకుడు. ఆమె స్థానము ఆమెదే యని యెంచి, చేయి తిరిగిన నాడు మరల కూర్చుండబెట్టుడు.

విద్యార్థులారా, మీరు కూర్చున్న బల్లపై మీకు చోటు వచ్చుటకై ఎవరు నిలిచిపోయిరో యింటికి పోయి విచారింపుడు. వారి పేరు తెలిసికొనుడు. వారింకను చదువగోరినచో, సాయంకాలము మీ పుస్తకము వారి యెదుట తెరచి, వారితో కూడ కూర్చుండుడు.