మగ్గం ఆగితే ఎన్ని రోజులు?

సూరత్‌లోని లింబాయత్‌లో ఒక గది, ఒక వంటిల్లు ఉన్న ఇల్లు. వంటింటి గోడకున్న మేకుకు ఒక నోటుపుస్తకం వేలాడుతూ ఉంటుంది. ఏడో తరగతి వరకు చదివిన ఆ ఇల్లాలు అందులో ప్రతి నెలా ఖర్చు రాస్తుంది. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన కొత్తలో మొదలైన అలవాటు. పాల లెక్క తప్పు చెప్పిన పాలవాడితో గొడవ పడేందుకు మొదలుపెట్టిందట. పాలవాడు మారిపోయాడు, పుస్తకం మాత్రం మిగిలింది.

2020 ఫిబ్రవరి పేజీ ఇప్పటికీ చిరగలేదు. భర్త మరమగ్గాల కార్ఖానాలో 12 గంటల షిఫ్టు చేస్తాడు. నేసిన మీటరును బట్టి కూలి. ఆ నెల వచ్చింది 15,000. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తే 2,500. ఖర్చు వైపు చూస్తే: గది అద్దె 3,500, సరుకులు 5,000, పాలు 1,200, గ్యాసు, కరెంటు కలిపి 1,600, ఇద్దరు పిల్లల ఫీజులు, ట్యూషన్ 1,600, ఊళ్లో అత్తకు 1,500, ఫోన్లకు, ఆటోలకు 600. మొత్తం 15,000. చిట్టీకి 1,000 పక్కన పెడితే చేతిలో మిగిలేది 1,500. అందులోనే జ్వరాలు, పెళ్లిళ్లకు చదివింపులు, బతుకమ్మకు కొత్త బట్టలు.

ఆ పేజీ అడుగున ఆమె ఇంకో లెక్క కూడా వేసింది. బ్యాంకులో 14,000, బియ్యం డబ్బాలో 6,000, అప్పటిదాకా కట్టిన చిట్టీ 11,000, సేటు దగ్గర రావలసిన పదిహేను రోజుల పగార్ 7,000. అంతా కలిపితే 38,000. నెలకు 15,000 చొప్పున రెండున్నర నెలలు గడుస్తుంది. మెడలో పుస్తెలతాడును, చెవికున్న కమ్మలను లెక్కలోకి తీసుకోలేదు. వాటిని రాస్తే అమ్ముకోవడానికి ఒప్పుకున్నట్టే అవుతుందని ఆమె భయం.

ఈ లెక్క ఆమెకు ఎవరూ నేర్పలేదు. అత్యవసరాలకు మూడు నుంచి ఆరు నెలల ఖర్చు దాచుకోవాలని ఆర్థిక సలహాదారులు చెప్పే మాట ఆ వీధి దాకా వచ్చి ఉండదు. అయితే సూరత్‌లో మగ్గాన్ని నమ్ముకున్న ఏ కుటుంబానికైనా పని ఆగడం కొత్త కాదు. ఏటా దీపావళికి మగ్గాలు రెండు మూడు వారాలు మూతపడతాయి. మీటరుకు ఇంతని కూలి తీసుకునేవాడికి మగ్గం తిరగని రోజున జీతం ఉండదు. దసరా నుంచే ఆ మూడు వారాలకు డబ్బు కూడబెట్టడం లింబాయత్‌లో ఆడవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

పెద్ద దెబ్బలూ తిన్న నగరమే ఇది. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్తలతో లక్షలాది మంది సూరత్ వదిలి పారిపోయారు. ఆమె మామ కూడా పిల్లలతో రైలెక్కి ఊరికి చేరాడు. మర్నాడు చేతికి రావలసిన పగార్ వదిలేసి వెళ్లాడు. తిరిగి వచ్చాక అందులో సగమే ఇచ్చారని బతికున్నంత కాలం చెబుతుండేవాడు. ఆ తర్వాత 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని శుభ్రం చేయించి దేశమంతటా పేరు తెచ్చిపెట్టారు. మురుగు పోయింది కానీ బకాయి పెట్టే అలవాటు పోలేదు. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో చాలా భాగం మునిగినప్పుడు మళ్లీ మగ్గాలు ఆగాయి. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఇంకోసారి. మరుసటి ఏడు జీఎస్టీ మీద బట్టల వ్యాపారులు సమ్మెకు దిగినప్పుడు మరోసారి.

కాబట్టి 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటన విన్నప్పుడు ఆమె పెద్దగా కంగారు పడలేదు. 21 రోజులంటే దీపావళి సెలవులంతే కదా అనుకుంది.

మొదట జారిపోయింది పగార్. సేటు ఫోను నాలుగు రోజులు మోగి మోగి ఆగింది. అయిదో రోజు మేస్త్రి చేత 3,000 పంపించాడు. మిగతాది కార్ఖానా తెరిచాక అన్నాడు. ఆయన బట్ట కూడా మార్కెట్లో ఇరుక్కుపోయిందని మేస్త్రి చెప్పాడు. నిజమే కావచ్చు. అయితే ఆయన కష్టం ఆమె పుస్తకంలో 4,000 తక్కువగా కనిపించింది.

తర్వాత చిట్టీ. అందులో 20 మంది ఆడవాళ్లు, అందరూ అదే గల్లీ వాళ్లు. ఇన్నాళ్లూ ఆ చిట్టీకి అదే బలం. ఒకరి ఇంట్లో జబ్బు చేస్తే మిగతా 19 మంది ఆదుకునేవారు. పాట పాడకుండానే ఎత్తుకోనిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ఈసారి 20 ఇళ్లలోనూ మగ్గమే అన్నం పెట్టేది, 20 మగ్గాలూ ఒకే రోజు ఆగాయి. ముందే చిట్టీ ఎత్తుకున్నవాళ్లు కట్టలేకపోయారు, ఎత్తుకోనివాళ్లు అడగలేకపోయారు. 11,000 కాగితం మీదే ఉండిపోయింది. ఒకరికొకరు తోడుగా ఉండే పొదుపు ఇక్కడే దెబ్బ తింటుంది. సలహాదారులు చెప్పే మూడు నెలలు, ఆరు నెలల సూత్రం ఈ సంగతి చెప్పదు. ఆ సూత్రం ప్రకారం కష్టం ఒక్క ఇంటికే వస్తుంది, పక్కిల్లు బాగానే ఉంటుంది.

ఇక చేతిలో ఉన్నది 23,000. పాత లెక్కన నెలన్నర.

దాన్ని ఆమె సాగదీసింది. పాలు సగం చేసింది. ట్యూషన్ ఎలాగూ లేదు. సరుకులు 5,000 నుంచి 4,000కు, మే నెలలో 3,500కు దించింది. పప్పు పలచబడింది, నూనె తగ్గింది. ఊరికి పంపే 1,500 ఏప్రిల్‌లో పంపలేదు. అదే నెలలో తెలంగాణ ప్రభుత్వం ఆహార భద్రత కార్డున్న ప్రతి కుటుంబానికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. సూరత్ వచ్చి ఇన్నేళ్లయినా వీళ్ల పేర్లు ఊరి కార్డులోనే ఉన్నాయి. ముసలామె గుమ్మంలోకి అయిదుగురి బియ్యం వచ్చాయి. తినవలసిన నలుగురు వందల కిలోమీటర్ల అవతల ఉన్నారు.

"పైసలు పంపమంటవా బిడ్డా?" అని అత్త ఫోన్ చేసింది. ఆమెకు అప్పట్లో నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను కూడా వచ్చేది. కోడలికి ఏడుపు ఆగలేదు. "వద్దు అత్తమ్మా, నీకాడనే ఉండనియ్యి" అని పెట్టేసింది. పదేళ్లకు పైగా సూరత్ నుంచి ఊరికి నడిచిన డబ్బు వెనక్కి నడిచే రోజు వస్తుందని ఆమె ఏ లెక్కలోనూ రాసుకోలేదు.

తగ్గించడానికి వీలుకానిది అద్దె. కార్మికుల నుంచి నెల రోజుల అద్దె అడగవద్దని కేంద్ర హోంశాఖ మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. కానీ ఇంటి యజమానీ ఒకప్పుడు మగ్గం నడిపినవాడే. అప్పు చేసి మేడ మీద గదులు వేసుకున్నాడు, ముసలితనంలో ఆ అద్దెలే ఆధారం. అతన్ని ఉత్తర్వు చూపించి నిలదీయడం ఆమెకు చేతకాలేదు. సగం ఇచ్చింది, సగం రాసుకోమంది.

ఏప్రిల్ 10న లస్కానా వైపు వలస కార్మికులు ఊరికి పంపమంటూ రోడ్డెక్కిన వార్త చూసి భర్త కూడా వెళ్లిపోదామన్నాడు. వరంగల్ మీదుగా వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. లారీవాళ్లు అడిగే రేటుకు నలుగురూ కదిలితే నెల ఖర్చు దారిలోనే అయిపోతుందని ఆమె లెక్క కట్టి చూపించింది. ఊరికెళ్లి చేసేదేముంది? సిరిసిల్లలోనూ సాంచాలు ఆగే ఉన్నాయి.

జూన్ మొదటి తేదీ నాటికి చేతిలో 3,700 మిగిలింది. రెండో వారంలో కార్ఖానా తెరిచారు. అంటే పొదుపు సరిపోయినట్టే అని ఎవరైనా అంటారు. ఆమె మాత్రం అసలు గండం అప్పుడే మొదలైందంటుంది. మొదటి పగార్ చేతికి రావాలంటే పదిహేను రోజులు ఆగాలి. ఆర్డర్లు సగమే కాబట్టి కూలీ సగమే. ఈలోగా అద్దె బకాయి అడిగారు, స్కూలు వాళ్లు ఫీజు గుర్తుచేశారు, కిరాణా కొట్టువాడు ఖాతా ముందు పెట్టాడు. మగ్గం ఆగినప్పుడు ఓపిక పట్టిన ప్రతివాడూ, మగ్గం చప్పుడు వినగానే గుమ్మంలోకి వచ్చాడు. జూలైలో సూరత్‌లో కేసులు పెరిగి మళ్లీ పని సన్నగిల్లింది. ఆ నెలలోనే ఆమె కమ్మలు కుదువ పెట్టింది. పుస్తకంలో ఆ సంగతి లేదు. జూలై పేజీలో 9,000 జమ అని ఉంది, ఎక్కడి నుంచి వచ్చిందో రాయలేదు.

కమ్మలు విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది. వడ్డీ ఎంతయిందో భర్తకు ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు పుస్తకం కొత్తది. అద్దె పెరిగింది, సరుకుల అంకె పెరిగింది, పెద్దవాడు కాలేజీకి వెళుతున్నాడు. నెలకు ఎంత ఖర్చవుతుందన్నది ఆమె ఇప్పుడు రెండు వరసల్లో రాస్తుంది: మామూలు రోజుల్లో ఎంత, పని ఆగితే ఎంత. రెండో వరసలో పాలు సగమే ఉంటాయి, అద్దె మాత్రం పూర్తిగా ఉంటుంది. దాచిన డబ్బును ఆ రెండో అంకెతోనే భాగిస్తుంది. వచ్చిన రోజుల్లోంచి, పని మొదలయ్యాక ఖాళీగా గడపవలసిన నెల రోజులు తీసేస్తుంది. సేటు దగ్గర ఉన్న పగార్ అసలు రాయదు.

చిట్టీ కూడా మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి మనుషుల్ని ఏరి. మగ్గాల వాళ్లు ఆరుగురే. మిగతావాళ్లలో మునిసిపల్ స్కూల్లో తెలుగు చెప్పే టీచరు, ఆస్పత్రిలో ఆయా, కూరగాయల బండి ఆమె, ఆటో నడిపేవాడి భార్య, పాలికె ఊడ్పు ఉద్యోగం చేసే ఇద్దరు మరాఠీ ఆడవాళ్లు ఉన్నారు. తెలియనివాళ్లతో చిట్టీ ఏమిటని గల్లీలో కొందరు మూతి విరిచారు. ఇప్పటికి 18 మంది అయ్యారు. ఇంకో ఇద్దరి కోసం చూస్తోంది. పోస్టాఫీసులో పనిచేసే ఒకావిడ ఉందని ఎవరో చెప్పారు, ఆదివారం వెళ్లి అడగాలి.