యథార్థమా? సిద్ధాంతమా?

గత సంవత్సరము ఎనిమిదవ తరగతివారికి శీతోష్ణస్థితినిగూర్చి బోధించుచు, పుటను నిలువుగీతతో విభజించి యొకవైపున యథార్థములను, రెండవవైపున సిద్ధాంతములను వ్రాయుడని చెప్పితిమి. బియ్యములో రాళ్లేరినంత సులభమని మా తలంపు.

ఒక బాలుడు ఆనాటి వేడిమిని సరిగా గీతమీదనే వ్రాసెను. మేము ఎఱ్ఱసిరాతో తప్పుగుర్తు పెట్టితిమి. వాడు వినయముతో, "మాస్టరుగారూ, ఉష్ణమాపకము వసారాలో 34 డిగ్రీలు, ఎండలో 47 డిగ్రీలు చూపినదండీ. ఏది యథార్థమండీ?" అని యడిగెను. "నీడలోనిదే" యంటిమి. "ఎందుచేతనండీ?" అనెను. ఎండ గాజును, పాదరసమును నేరుగా కాచును గనుక అది గాలి వేడిమి కాదని చెప్పితిమి. చెప్పుచుండగనే మేము చెప్పునది సిద్ధాంతమని మాకు తోచెను. వాతావరణశాలలవారు ఉష్ణమాపకమును గాలియాడు తెల్లని కొయ్యపెట్టెలో నుంచుటయు నిందుకే. కొలతలోనే సిద్ధాంతము దాగియున్నది.

అట్లని ప్రతి సిద్ధాంతమును నమ్మదగదు. 1876-78 సంవత్సరముల ఘోరక్షామ కాలమున, 1877లో, హంటరు అను అధికారి చెన్నపట్టణపు వర్షపు లెక్కలను సూర్యబింబముమీది మచ్చలతో ముడిపెట్టెను. లెక్కలు కొలిచినవే, కాని యా ముడి నిలువలేదు. వానరాకను ముందుగా తెలుపుటకు అది సాధనము కాలేకపోయెను.

ఇక భూమి వేడెక్కుటనుగూర్చిన సంగతి వేరు. కార్బన్ డయాక్సైడు అను బొగ్గుపులుసు వాయువు వేడిమిని పట్టియుంచునని 1859లో టిండల్ ప్రయోగమున చూపెను. అది పెరిగినచో భూమి వేడెక్కునని 1896లో అర్హీనియస్ లెక్కకట్టెను. 1958లో కీలింగ్ హవాయి ద్వీపపు మౌనాలోవా పర్వతముపై కొలువనారంభించినప్పుడు అది పది లక్షల భాగములలో సుమారు 315 భాగములు. 2024 నాటికి 420 దాటినది. ప్రయోగము, లెక్క, కొలత వేర్వేరు కాలములందు వేర్వేరు చేతులమీదుగా వచ్చి ఒకదానికొకటి సాక్ష్యమిచ్చుచున్నవి. మేఘములు ఈ వేడిమిని ఎంత హెచ్చించునో మాత్రము ఇంకను శోధింపబడుచున్నది.

కావున విద్యార్థులారా, ఎవరైన "ఇది యథార్థము" అనినచో ఎట్లు కొలిచిరని యడుగుడు. "ఇది సిద్ధాంతమాత్రమే" యని త్రోసివేసినచో, అది ఎన్ని పరీక్షలకు నిలిచినదో విచారింపుడు. ఈ రెండు ప్రశ్నలను మాకు నేర్పినవాడు ఆ బాలుడే. మరునాడు తరగతి యెదుట వాని పుస్తకములోని మా తప్పుగుర్తును మేమే కొట్టివేసితిమి.