తామరపువ్వు బిళ్లలు

చిన్నప్పుడు మా స్నేహితులంతా స్టాంపులు, అగ్గిపెట్టె బొమ్మలు పోగేస్తుంటే నాకు మాత్రం చిల్లర పిచ్చి. ఆరు పలకల మూడు పైసలు, నలుచదరపు అయిదు పైసలు, అంచులు వంపులు తిరిగిన పది పైసలు... అన్నిట్లోకీ నాకు ప్రాణం 1968లో వచ్చిన తామరపువ్వు ఇరవై పైసలు. పచ్చగా బంగారంలా మెరిసేవి. కొట్టు శెట్టిగారిని బతిమాలి బతిమాలి ఇరవై ఒకటి సంపాదించాను. అన్నీ హార్లిక్స్ సీసాలో వేసి అటక మీద దాచాను. తర్వాత ఉద్యోగమని హైదరాబాద్ వచ్చేశాను.

2011లో పావలా, అంతకన్నా చిన్న నాణేలు చెల్లవన్నప్పుడు ఆ సీసా గుర్తొచ్చింది. మళ్లీ మర్చిపోయాను. మొన్న సంక్రాంతికి మా అబ్బాయికి చూపిద్దామని దించితే తామరపువ్వు బిళ్ల ఒక్కటీ లేదు! 'ఎవరికిచ్చేశావమ్మా?' అని కాస్త గట్టిగానే అడిగాను.

అమ్మ మాట్లాడకుండా పూజగదిలోంచి ఇత్తడి పళ్లెం తెచ్చింది. పసుపు కుంకుమల మధ్య ఇరవై ఒక్క బిళ్లలూ ఉన్నాయి.

'నువ్వు ఊరొదిలిన కాణ్నుంచీ ప్రతి శుక్రవారం లక్ష్మీదేవికి వీటితోనేరా పూజ. నీ ఉద్యోగం నిలబడాలని మొదలుపెట్టా. నీవేగా, తీసుకెళ్లు' అంది. అందే గానీ పళ్లెం మాత్రం వదల్లేదు.

ఇన్నేళ్లలో నేను ఆ సీసాను తల్చుకున్నది ఒక్కసారే. అమ్మ వారంవారం తల్చుకుంది, నన్ను.

మా అబ్బాయి చేతిలో ఓ మూడు పైసల బిళ్ల పెట్టాను. తామరపువ్వులు పూజగదిలోనే ఉన్నాయి. శుక్రవారానికి అమ్మకి కావాలిగా!